భగినీహస్త భోజనము: దూరదేశవాసులకు ధర్మమార్గము



గడచిన కార్తీకమాసంలో ఒకనాటి ఉదయం మహానందీశ్వరుని దర్శనం ముగించుకొని రుద్రగుండం మెట్లమీద కూర్చుని ఉన్నాను. ఈశ్వరుని లింగం అడుగునుండి పుట్టి వచ్చే ఆ స్వచ్ఛజలంలో యాత్రికులు స్నానాలు చేస్తున్నారు. అరువదేండ్లు దాటిన ఒక ఇల్లాలు తడిబట్టలతోనే వచ్చి నమస్కరించి, ఒక ప్రశ్న వేసినది.

"అయ్యవారూ! మా తమ్ముడు డల్లాసులో ఉన్నాడు. భగినీహస్త భోజనానికి రాలేడు గదా! నా పేరిట ఇక్కడ అన్నదానానికి రూకలు కట్టినాడు. నాకు పార్సిలులో చీర పంపినాడు. మాట మాత్రం లేదు. అన్నం పెట్టే చెయ్యి ఇక్కడ, తినే నోరు అక్కడ. ఈ పండుగ జరిగినట్టా, జరగనట్టా?"

ఆ క్షణాన నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఇంటికి వచ్చి గ్రంథాలు మరల తిరగవేసితిని. పిల్లలు విదేశాలలో ఉన్న ఇల్లు లేని ఊరు నేడు మన సీమలో అరుదు. కనుక ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. నాకు తోచిన సమాధానాన్ని శాస్త్రం చెప్పినది వేరుగా, నా అభిప్రాయం వేరుగా ఇక్కడ విన్నవిస్తున్నాను.

పండుగకు మూలమైన కథ

దీపావళి అమావాస్య తరువాత వచ్చే కార్తీక శుద్ధ విదియకు యమద్వితీయ అని పేరు. అన్నదమ్ములు ఆనాడు తమ ఇంట భోజనం చేయక, సోదరి ఇంటికి వెళ్ళి, ఆమె స్వహస్తంతో వడ్డించిన అన్నం తినవలెను. అందుచేతనే మనవారు దీనిని భగినీహస్త భోజనమన్నారు. ఉత్తరాదివారు భాయీ దూజ్ అనీ, మహారాష్ట్రులు భావుబీజ్ అనీ, వంగీయులు భాయీ ఫోంటా అనీ, నేపాలీయులు భాయీ టీకా అనీ పిలిచే పండుగ ఇదియే. మథురలో విశ్రామఘట్టంవద్ద అన్నాచెల్లెళ్ళు కలిసి యమునాస్నానం చేసే ఆచారం నేటికీ ఉన్నది.

యముడూ యమునా సూర్యభగవానుని బిడ్డలు. వారి తల్లి సంజ్ఞాదేవి. భర్త తేజస్సును భరింపజాలక ఆమె తన నీడయైన ఛాయను ఇంట నిలిపి వెళ్ళిపోయినది. ఛాయ తన కడుపున పుట్టినవారిని ఒకరీతిగా, సంజ్ఞ బిడ్డలను మరొకరీతిగా చూచినదనీ, ఆ కోపంతో కాలెత్తిన యమునికి శాపం తగిలినదనీ పురాణాలు చెబుతున్నవి. ఈ పూర్వకథను మరచి పండుగ కథ మాత్రమే చెప్పుకొంటే అందులోని సారం మనకు అందదు. తల్లి ఉండీ లేని ఇంట పెరిగిన అన్నాచెల్లెళ్ళు వారు.

పెద్దవాడైన యముడు దక్షిణదిక్కుకు అధిపతియై ధర్మపాలనలో నిమగ్నుడైనాడు. యమున నదియై భూలోకంలో ప్రవహించినది. ఆమె పలుమార్లు అన్నను భోజనానికి పిలిచినది. ఆయన పనివలన తీరిక లేక వాయిదా వేస్తూ వచ్చినాడు. ప్రాణాలు హరించే తనను ఇంటికి పిలిచేవారు ఎవరుంటారని సంకోచం కూడా. ఎట్టకేలకు ఒక కార్తీక శుద్ధ విదియనాడు వెళ్ళినాడు. చెల్లెలు స్నానం చేయించి, తిలకం దిద్ది, తన చేతులతో వండి వడ్డించినది. యముడు తృప్తుడై, ఆ దినాన నరకవాసులకు విడుదల కల్పించి, వరం కోరుకొమ్మన్నాడు. ఏటేటా ఈ తిథినాడు తన ఇంటికి భోజనానికి రావలెననీ, ఈనాడు సోదరి చేతి అన్నం తిన్న సోదరులకు అపమృత్యుభయం ఉండరాదనీ ఆమె కోరినది.

మృత్యుదేవతకు సైతం తీరిక దొరికినది గదా! ఇక మనకెందుకు దొరకదు? కథలోని మొదటి పాఠమిది. రెండవ పాఠం మరింత లోతైనది. తల్లి లేని ఇంటి బిడ్డకు సోదరి వంటయిల్లే పుట్టిల్లయినది. ఆడపిల్లకు పుట్టిల్లు ఉంటుందని లోకం చెబుతుంది. తల్లిదండ్రులు గతించిన మగవానికి కూడా ఒక పుట్టిల్లు కావలెను. అది అక్క ఇల్లో, చెల్లెలి ఇల్లో కావలెనని ఈ పండుగ ఏర్పరచినది.

శాస్త్రవిధి

కాశీలో కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువు, పదునెనిమిదవ శతాబ్ది చివర కాశీనాథోపాధ్యాయుడు రచించిన ధర్మసింధువు ఈ పండుగ విధిని వివరించినవి. వాటి సారాంశమిది.

ప్రాతఃకాల స్నానానంతరం యముని, చిత్రగుప్తుని, యమదూతలను, యమునను పూజించి యమునికి అర్ఘ్యమివ్వవలెను. తన ఇంట భోజనం చేయరాదు. సోదరి ఇంట ప్రీతితో భుజింపవలెను. పిదప సోదరీమణులను వస్త్రములతో, అలంకారములతో యథాశక్తి సత్కరింపవలెను. మన ఇండ్లలో ఆచారం సులభమైనది. సోదరుని పీటమీద కూర్చుండబెట్టి, నొసట బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, అరటి ఆకులో భక్ష్యాలు, పాయసం, చిత్రాన్నం, వడలు వడ్డించి, తాంబూలమిస్తారు. ఆయన చీర, పసుపు కుంకుమలు ఇచ్చి, చిన్నవాడైతే అక్క కాళ్ళకు మ్రొక్కుతాడు.

ఇందులో "ప్రీతితో" అన్నమాటను గమనింపుడు. వంటకాల పట్టికను శాస్త్రం ఇవ్వలేదు. ప్రీతిని విధించినది. అట్లే "హస్తము" అన్న పదం పండుగ పేరులోనే ఉన్నది. అన్నము, హస్తము, ప్రీతి అనే మూడూ కలిసినప్పుడే పండుగ పూర్తియగును.

అక్కడ ఏ రోజు?

పరదేశంలోనున్నవారి మొదటి సందేహం తిథి గురించి. "ఇండియాలో గురువారమైతే మాకూ గురువారమేనా?" అని అడుగుతారు. ఇందుకు సమాధానం గణితంలో ఉన్నది.

మన నవనందులలో సూర్యనంది, సోమనంది రెండూ ఉన్నవి గదా. తిథి అనగా ఆ సూర్యునికీ, ఆ సోమునికీ మధ్యగల దూరం. చంద్రుడు సూర్యునినుండి పండ్రెండు భాగలు ముందుకు జరిగితే ఒక తిథి. కనుక విదియ ప్రవేశించే క్షణం లోకమంతటికీ ఒక్కటే. అయితే ఆ క్షణాన నంద్యాలలో రాత్రి, డల్లాసులో ఉదయం. పర్వదినాన్ని నిర్ణయించేది స్థానిక సూర్యోదయాస్తమయాలు. పగటిని ఐదు సమభాగాలు చేస్తే నాలుగవది అపరాహ్ణం. యమద్వితీయకు అపరాహ్ణవ్యాప్తి గల విదియను గ్రహించడం పంచాంగకర్తలు నేడు సాధారణంగా పాటించే నియమం.

ఉదాహరణ చూడుడు. శ్రీ విశ్వావసు నామ సంవత్సరంలో, అనగా 2025లో, మన దేశకాలం ప్రకారం అక్టోబరు 22 బుధవారం రాత్రి సుమారు 8.16కు విదియ ప్రవేశించి, 23 గురువారం రాత్రి సుమారు 10.46 వరకు ఉన్నది. మనకు గురువారం అపరాహ్ణమంతా విదియయే. కావున పండుగ గురువారం. డల్లాసు గడియారం అప్పటికి మనకంటె పదిన్నర గంటలు వెనుక. అక్కడ విదియ బుధవారం ఉదయం 9.46కు వచ్చి, గురువారం మధ్యాహ్నం 12.16కు వెళ్ళిపోయినది. అక్కడి అపరాహ్ణం ఆ రోజులలో రమారమి రెండుంబావు నుండి నాలుగున్నర వరకు. గురువారం ఆ వేళకు విదియ లేదు. బుధవారం ఉన్నది. కనుక డల్లాసువారికి పండుగ బుధవారం. అదే లండనులో లెక్కవేస్తే గురువారం మధ్యాహ్నానంతరం కూడా విదియ ఉన్నందున పండుగ మనతోపాటు గురువారమే.

మరొక జాగ్రత్త. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారంనాడు గడియారాలను ఒక గంట వెనుకకు త్రిప్పుతారు. ఈ పండుగ దానికి అటో ఇటో పడుతుంది. ఆ గంట తేడాను మరువక లెక్కింపవలెను. ఉన్న ఊరికి గణించిన పంచాంగం చూచుకొనుట, లేదా అక్కడి దేవాలయ అర్చకులను అడుగుట ఉత్తమం. అమెరికాలో 1965 నాటి వలసచట్టం తరువాత మనవారు విరివిగా వెళ్ళిరి. న్యూయార్కు నగరంలోని ఫ్లషింగ్‌లో గణపతి దేవాలయ ప్రతిష్ఠ 1977 జూలై 4న జరిగినది. అదే దశకంలో పిట్స్‌బర్గులో శ్రీ వేంకటేశ్వరాలయం వెలసినది. నేడు పెద్ద నగరాలు అనేకంలో ఆలయాలున్నవి. అర్చకులున్నారు. అడిగితే చెబుతారు.

విదియ పనిదినంనాడు వస్తే శనివారానికి మార్చుకోవచ్చునా అని కొందరి ప్రశ్న. వ్రతం వేరు, ఉత్సవం వేరు. నలుగురు కూడి చేసుకొనే విందు శనివారం చేసుకొనుడు, దోషం లేదు. తిథినాడు మాత్రం సోదరి చేతినుండి ఒక పండో, గ్రుక్కెడు పాలో, పిడికెడు పెరుగన్నమో స్వీకరింపుడు. ఇది నా అభిప్రాయం. తిథిని పూర్తిగా వదలుటకంటె, కొంచెమైనా నిలుపుకొనుట మేలు.

సోదరి దగ్గర లేనప్పుడు

ఇక అసలు ప్రశ్న. అక్క నంద్యాలలో, తమ్ముడు డల్లాసులో. ఏమి చేయవలెను?

మన పూర్వులు దీనిని ఆలోచింపకపోలేదు. తోబుట్టువు లేనివారికి పినతండ్రి కుమార్తె, మేనమామ కుమార్తె, మేనత్త కుమార్తె, పినతల్లి కుమార్తె మొదలైనవారు సోదరీస్థానీయులని ధర్మశాస్త్రకారులు చెప్పిరి. అంతటితో ఆగలేదు. ఎవరూ లేనియెడల "ప్రతిపన్న" అయిన సోదరిని, అనగా సోదరిగా అంగీకరింపబడినదానిని, పూజించి ఆమె చేతి అన్నం తినవచ్చునన్నారు. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవరాజుల ఆస్థానంలో మంత్రియైన హేమాద్రి ఈ పదానికి మిత్రుని సోదరి అని అర్థం చెప్పినట్లు నిబంధనకారులు పేర్కొన్నారు.

ఆ మాట వ్రాసిననాటికి విమానం లేదు, ప్రవేశపత్రం లేదు. అయినా ఇల్లు వదలి, తోబుట్టువుకు దూరమై బ్రతికే మనుష్యుడు ఆనాడూ ఉన్నాడు. బంధువు లేని ఊరిలో స్నేహితుని చెల్లెలే చెల్లెలని శాస్త్రం అతనికి ఒక ఇల్లు చూపినది. పరదేశంలోని తెలుగువారికి ఇంతకంటె పనికివచ్చే విధి మరొకటి నాకు కనబడదు.

1860లో మదరాసునుండి ట్రూరో అనే ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బనుకు చేరినది. అంతకు ముందే మారిషస్ చెరకుతోటలకు మన తీరాంధ్రులు వెళ్ళి ఉన్నారు. వారిలో అనేకులు తోబుట్టువుల ముఖం మరల చూడలేదు. ఒకే ఓడలో ప్రయాణించినవారు ఒకరినొకరు ఓడ బంధువులుగా, జహాజీ భాయీలుగా, భావించుకొన్న ఆచారం వలసకూలీల చరిత్రలో ప్రసిద్ధం. ఏ పండితుడూ ఉపదేశింపకయే వారు ప్రతిపన్న బంధుత్వాన్ని ఆచరించిరి.

కావున డల్లాసులోని తమ్ముడు ఆనాడు తన ఇంట ఒంటరిగా తినక, ఆ ఊరిలో సోదరిగా భావింపదగిన ఒక ఇల్లాలి ఇంట తినవలెను. ఆమెకు వస్త్రం ఇవ్వవలెను. ఇది ఒక దినపు నాటకం కారాదు. ప్రతిపన్న సోదరియన్నచో ఆమె కష్టసుఖాలకు నిలబడవలసిన బాధ్యత కూడా వచ్చును.

నంద్యాలలోని అక్క ఏమి చేయవలెను? తమ్ముని తలచుకొని వండి, దేవునికి నివేదించి, ఇల్లు వదలి చదువుకొంటున్న ఒక విద్యార్థినో, పొట్టకూటికి వలస వచ్చిన ఒక పనివానినో పిలిచి, తమ్ముడా అని వడ్డింపవలెను. అతని అక్క మరెక్కడో తన తమ్ముని తలచుకొని ఉంటుంది. ఇది గ్రంథవాక్యం కాదు, నా సూచన. ఇట్లు చేసినచో ఇక్కడి చేయి ఖాళీగా ఉండదు, అక్కడి నోరు పస్తు ఉండదు.

మరి ఫోనులో ముఖాలు చూచుకొనుట? అది భోజనానికి ప్రత్యామ్నాయం కాదు. కాని ప్రీతికి సాధనం. ఇద్దరూ భోజనానికి కూర్చునే ముందు ఒకరినొకరు చూచుకొని, అక్క ఆశీర్వదించి, తమ్ముడు నమస్కరించిన తరువాత విస్తరిముందు కూర్చుండుట ఎంతో శ్రేయస్కరం.

అన్నదానం సంగతి

ఈ పత్రిక చదివేవారిలో దాతలు అనేకులున్నారు. సోదరి పేరిట క్షేత్రంలో అన్నదానం చేయించుట గొప్ప పుణ్యకార్యం. దానిని నేను తక్కువ చేసి చెప్పను. అయితే అది సోదరికి బదులు కాదు. దేవుని హుండీలో వేసిన రూకలు అక్క వాకిట వేయవలసిన అడుగుకు చెల్లుబడి కావు. ముందుగా అక్కతో మాట్లాడుడు. "అక్కా! నీ పేరిట ఈశ్వరుని సన్నిధిలో పదిమందికి అన్నం పెట్టించవలెనని ఉన్నది. ఆనాడు నీవు వెళ్ళి నీ చేతితో వడ్డింపగలవా?" అని అడుగుడు. అప్పుడు ఆ రశీదులో ప్రీతి చేరుతుంది.

నా అనుభవం

ఇంత చెప్పిన నేను ఈ పండుగను చక్కగా ఆచరించినవాడనని పాఠకులు భావింపరాదు. మా అక్క ఇల్లు నా ఇంటికి మూడు క్రోసుల దూరం. 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో భాగమిచ్చినది. మా అక్కకు అంతకు చాలా ముందే వివాహమైనది. ఆ చట్టం ఆమెకు వర్తింపదు. తండ్రిగారు పోయిన తరువాత ఆమె అడిగినది పొలంలో భాగం కాదు. అమ్మ వంటయింటి పక్కనున్న చిన్నగది, ఎప్పుడైనా వచ్చి రెండు రోజులు ఉండుటకు. నేను చట్టం చూపించితిని. ఆమె మాటాడక వెళ్ళిపోయినది.

పదకొండు కార్తీకాలు నేను ఆమె ఇంటికి వెళ్ళలేదు. పాఠాలున్నవంటిని, కార్తీక యాత్రికుల రద్దీ అంటిని. యమధర్మరాజుకున్నంత పని నాకు లేదని నాకే తెలుసు. ఒక ఏడు ఆమె క్యారియరులో అన్నం పంపినది. సోదరి గృహంలోనే భుజింపవలెనని శాస్త్రం చెప్పినదని త్రిప్పి పంపితిని. శాస్త్రవాక్యం సరియైనదే. దానిని నేను వాడుకొన్న తీరు పాపం.

పండ్రెండవ ఏట వెళ్ళితిని. అప్పటికి ఆమె చేతులకు వణుకు వచ్చినది. గరిటె నిలువదు. కోడలు వడ్డిస్తుండగా అక్క నా ప్రక్కన కూర్చుండి, వణకుతున్న చేతిని నా విస్తరి అంచుమీద ఉంచినది. "హస్తం ఉన్నది గదరా, తిను" అన్నది. పదకొండేండ్లు ఆ చేయి నిలకడగా వడ్డింపగల స్థితిలోనే ఉన్నది. నేను లేను. నాకు సముద్రాలు అడ్డం రాలేదు. మూడు క్రోసులే. అందుచేత డల్లాసులోనున్నవారిని నిందించుటకు నాకు నోరు రాదు.

ఈనాడు కొన్ని ఇండ్లలో మరొక విడ్డూరం చూస్తున్నాను. ఏండ్ల తరబడి మాటలేని అన్న, ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు చెల్లెలికి ఫోను చేస్తాడు. 2005 కేంద్రచట్టం తరువాత కుమార్తెల సంతకం అవసరమైనది గదా! పండుగకు వచ్చి భోజనం చేసి, తాంబూలంతోపాటు హక్కువిడుదల పత్రం చేతికిస్తాడు. అట్టి భోజనానికి యమద్వితీయా ఫలం లేదు. ఆస్తి మాటలు మరొక రోజున, పెద్దల ఎదుట, న్యాయంగా మాటాడుకొనుడు. విదియనాడు విస్తరి ముందు కాగితం పెట్టవలదు.

సారాంశం

విదియను మీరున్న ఊరి పంచాంగాన్నిబట్టి నిర్ణయించుకొనుడు. వెళ్ళగలిగినంత దూరంలో సోదరి ఉంటే వెళ్ళి తీరుడు. ఆమె వితంతువైనా, పేదదైనా, మీతో మాటలు లేనిదైనా ఆమె హస్తానికి మహిమ తగ్గదు. వెళ్ళలేనివారు ప్రతిపన్న సోదరి ఇంట భుజింపుడు. భుజించే ముందు సొంత సోదరితో మాట్లాడుడు. తోబుట్టువులు లేని ఆడపడుచులు ఒక ఒంటరి యువకునికి అన్నం పెట్టుడు. దానం చేయదలచినవారు సోదరిని కూడ కలుపుకొని చేయుడు. కొన్నేండ్లకు ఒకసారియైనా కార్తీకంలో సెలవు పెట్టి రండు. వేసవి సెలవులకు వచ్చినవారు సైతం ఒకపూట అక్క ఇంట భోజనం చేసి పొండు. తిథి కాకపోయినా ప్రీతి ఉన్నది.

శిలాదమహర్షి కుమారులు ఇద్దరు, నందీ పర్వతుడూ అని మన ప్రాంతపు స్థలపురాణం. పర్వతుడు శ్రీశైలమై మల్లికార్జునుని ధరించినాడు. నంది ఇచ్చట మహానందియైనాడు. నడుమ నల్లమల అడవి ఉన్నది. అయినా శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే యాత్రికులు మహానందికి, మహానందికి వచ్చినవారు శ్రీశైలానికి వెళుతూనే ఉన్నారు. తోబుట్టువులు దూరమైనప్పుడు నడుమ దారి మాసిపోకుండా చూచుకొనుటయే ధర్మం.

రుద్రగుండం మెట్లమీద ఆ ఇల్లాలికి ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఇది. అమ్మా! పండుగ సగం జరిగినది. మిగిలిన సగం మీ తమ్ముడు ఫోను తీసి, అక్కా అని పిలిచినప్పుడు జరుగుతుంది. ఆయన పిలువకపోతే నీవే పిలువుము. యమునాదేవి పలుమార్లు పిలిచినది గదా!

కామేశ్వరీ సమేత మహానందీశ్వరుడు తోబుట్టువులందరికీ ఆయురారోగ్యములను, పరస్పర ప్రీతిని ప్రసాదించుగాక!

స్వస్తి.